పత్రిక అట్ట చేత్తోనే వేద్దాం

ఒడిశాలోని బరంపురంలో తెలుగు వినాలంటే పెద్ద బజారులో కాసేపు నిలబడితే చాలు. కూరగాయల బేరాల దగ్గర, పట్టుచీరల కొట్ల మెట్ల మీద మన మాటే వినిపిస్తుంది. తెలుగు చదవాలంటే మాత్రం వెతుక్కోవాలి. బోర్డులు ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఉంటాయి. పిల్లలు ఇంట్లో అమ్మతో తెలుగులోనే పోట్లాడతారు, అదే అమ్మకి ఫోన్‌లో మెసేజీ పెట్టాలంటే ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు. ఇలాంటి ఊళ్లో మేం కొద్దిమంది కలిసి ఒక చిన్న తెలుగు పత్రిక నడుపుతున్నాం. మూడు నెలలకోసారి, 300 ప్రతులు. లోపలి పేజీలు కంప్యూటర్‌లో కూర్చి డిజిటల్ ప్రింటు తీయిస్తాం. అట్ట మాత్రం మేమే వేస్తాం. బొమ్మ స్క్రీన్ ప్రింటింగ్‌లో, అక్షరాలు సీసం టైపుతో, అంటే విడివిడిగా పోసిన సీసపు అక్షరాలతో.

ఈ మాట చెప్పగానే విశాఖలో ఉండే స్నేహితులు ఒకటే అడుగుతారు: ఎందుకింత తిప్పలు? డిజైన్ పంపిస్తే సాయంత్రానికల్లా 300 అట్టలు, నాలుగు రంగుల్లో, లామినేషన్‌తో సహా చేతికొస్తాయి కదా. నిజమే, వస్తాయి. ఖర్చు కూడా తక్కువే అవుతుంది, ఎందుకంటే మా చేతి పనికి కూలి కట్టి లెక్కేస్తే ఒక్కో అట్ట ధర పత్రిక ధరను దాటిపోతుంది. ఇందులో నేను వాదించేది ఏమీ లేదు.

చేతి అచ్చుని సమర్థించేవాళ్లు సాధారణంగా చెప్పే కారణాలు కూడా నాకు రుచించవు. పాతకాలపు అందం అంటారు. పాతకాలం నేను కోరుకునేది కాదు. ఆ రోజుల్లో కంపోజిటర్లు (టైపు కూర్చేవాళ్లు) గాలి ఆడని గదుల్లో, చాలీచాలని వెలుతురులో, సీసం మధ్య పన్నెండు గంటలు నిలబడి పని చేశారు. వాళ్లలో చాలామందికి చివరికి మిగిలింది అరిగిన కళ్లు, నడుం నొప్పి. వేలితో తడిమితే కాగితం మీద అక్షరం లోతుగా దిగి తెలియాలి, అదే లెటర్‌ప్రెస్ (టైపుని ఒత్తి తీసే అచ్చు) మజా అని ఇంకొందరంటారు. మాకు ఈ పని నేర్పినాయన ఇచ్ఛాపురంలో ఒక అచ్చుకూటంలో వయసంతా గడిపిన కంపోజిటర్. మేమందరం బాబాయి గారూ అని పిలుస్తాం. లోతు మాట ఎత్తితే ఆయనకి కోపం వస్తుంది. "కాగితం వెనక చెయ్యి పెడితే ఏటీ తగలకూడదమ్మా. తగిలిందంటే మెషిన్ మీదున్నోడికి పని రాదన్నమాట. టైపు అరిగిపోద్ది." పాతవాళ్లు తప్పుగా చూసినదాన్ని ఇప్పుడు పెళ్లిపత్రికల్లో గొప్పగా అమ్ముతున్నారు.

మూడో కారణం ఇంకా బలంగా కనిపిస్తుంది కానీ అదీ నిలబడదు. ఒకసారి మా అట్టని ఇక్కడి ఓ షాపులో వేయించాం. అచ్చయి వచ్చాక చూస్తే ఒత్తులన్నీ విరిగిపోయాయి. 'క్ష' ఉండాల్సిన చోట క మీద పొల్లు, పక్కన ష. 'స్త్రీ' మూడు ముక్కలైంది. వాళ్ల సాఫ్ట్‌వేర్‌కి తెలుగు అక్షరాలను కలిపి చూపించే ఏర్పాటు లేదు. షాపులో తెలుగు చదవగలిగే మనిషి ఒక్కరూ లేరు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. చాలా బాధపడ్డాం. కానీ అక్షరాలను కర్వ్స్‌గా (గీతల బొమ్మలుగా) మార్చి పీడీఎఫ్ ఇస్తే ఆ సమస్య అక్కడితో తీరిపోతుంది. ఐదు నిమిషాల్లో తీరే సమస్య కోసం సీసం టైపు ఎత్తుకోమని నేనెవరికీ చెప్పను.

మరి చేత్తోనే ఎందుకు? మా ఊరి పిల్లలకి తెలుగు అక్షరం చదవడం వచ్చేందుకు నేను చూసిన దారుల్లో ఇది బాగా పనిచేసే దారి. అట్ట అందంగా రావడం నాకు రెండో విషయం. మొదటి విషయం ఆ అట్ట తయారయ్యేటప్పుడు దాని చుట్టూ ఎవరు కూర్చుంటారన్నది.

కొంచెం వెనక్కి వెళ్లాలి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైంది. అంతవరకూ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న గంజాం ఇటు వచ్చింది. పర్లాకిమిడి కూడా వచ్చింది. ఇప్పుడది మా పక్కనే ఉన్న గజపతి జిల్లాలో ఉంది. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పింది పర్లాకిమిడిలోనే. జనం మాట్లాడే తెలుగే పుస్తకాల్లోకి రావాలని ఆయన 1919లో 'తెలుగు' అనే మాసపత్రిక నడిపారు. కొండల్లో ఉండే సవర గిరిజనుల మాట నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు ఆయన ఆ ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. మా తాతలు వెళ్లలేదు, ఇక్కడే ఉండిపోయారు. మగ్గాలు, కొట్లు, పొలాలు ఇక్కడే ఉన్నాయి మరి.

ఉండిపోయినవాళ్ల మాట నిలిచింది. చదువు మెల్లమెల్లగా జారిపోయింది. దీనికి ఒడియా వాళ్లని నిందించడం నాకు నచ్చదు. ఒడియా మాకు ఊరి భాష, అన్నం పెట్టే భాష. 1913లో శశిభూషణ్ రథ్ గారు ఈ బరంపురం నుంచే 'ఆశ' పత్రిక మొదలుపెట్టారు. తమ భాష మద్రాసు ప్రెసిడెన్సీ మూలలో పడి ఉన్నప్పుడు వాళ్లు చేసిన పని అది. మనం ఇప్పుడు అదే పరిస్థితిలో ఉన్నాం, కాబట్టి వాళ్ల నుంచి నేర్చుకోవాల్సిందే ఎక్కువ. ఇంకా చిన్న భాష కథ ఒకటుంది. ఆ 1936లోనే, ఈ కొండల్లోనే, మంగేయి గొమాంగో సవర భాషకి సొంత లిపి తయారుచేశారు. దాని పేరు సొరాంగ్ సొంపెంగ్. 2012లో అది యూనికోడ్‌లోకి కూడా వచ్చింది. తన వాళ్ల మాటకి అక్షరాలు కావాలని ఒక మనిషి ఒక్కో అక్షరం గీసుకుంటూ కూర్చున్న చోట, వందల ఏళ్లుగా సిద్ధంగా ఉన్న అక్షరాల్ని మన పిల్లలకి అందించలేకపోవడం నన్ను చాలా కలవరపెడుతుంది.

ఇక టైపు దగ్గరికి వస్తాను.

మా టైపు కొన్నది ఒక మూతపడిన అచ్చుకూటం నుంచి. 2013 అక్టోబర్ 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్ తుఫానుకి ఆ షెడ్డు రేకులు లేచిపోయాయి. కేసులన్నీ (టైపు సర్దుకునే గళ్ల చెక్కపెట్టెలు) తడిసి చెక్క ఉబ్బిపోయింది. యజమాని టైపుని సీసం ధరకి తూకానికి అమ్మేస్తుంటే మేం కొన్ని కేసులు తెచ్చుకున్నాం. అక్షరాల సైజులు 12 పాయింటు, 24 పాయింటు, కొద్దిగా 36 పాయింటు. కొన్ని ఖానాలు ఖాళీ. కొన్నిటి నిండా ఒకదాంట్లో ఉండాల్సినవి ఇంకొకటి కలిసిపోయి ఉన్నాయి.

టైపు ముక్క ఎలా ఉంటుందో చూడని వాళ్ల కోసం చెప్తాను. సీసం, యాంటిమొనీ, తగరం కలిపి పోసిన చిన్న కడ్డీ. నిలబెడితే ఎత్తు 0.918 అంగుళం, అంటే దాదాపు 23.3 మిల్లీమీటర్లు. అన్ని ముక్కలూ ఒకే ఎత్తులో ఉండాలి, లేకపోతే పొట్టిది కాగితానికి అందదు. నెత్తి మీద అక్షరం అద్దంలో చూసినట్టు ఎడమకి తిరిగి ఉంటుంది. ఒంటికి ఒక పక్క చిన్న గాడి ఉంటుంది. దాన్ని నిక్కు అంటారు. లైను పేర్చుకునే చిన్న పట్టీని (స్టిక్కు) ఎడమ చేత్తో పట్టుకుని, నిక్కు పైకి వచ్చేలా ఒక్కో ముక్కా పేర్చుకుంటూ, చివరి ముక్కని బొటనవేలితో అదిమి పట్టాలి. లైను ఎడమ నుంచి కుడికే నడుస్తుంది, అక్షరాలు మాత్రం తలకిందులుగా కనిపిస్తాయి.

ఇంగ్లీషుకి రెండు కేసులు చాలు. తెలుగుకి అలా కుదరదు. క, కా, కి, కీ ఇవన్నీ వేర్వేరు ముక్కలు, ఎందుకంటే గుడి అక్షరానికి అతుక్కుని ఉంటుంది, విడిగా పెట్టడం కుదరదు. ఒత్తులు చాలావరకూ విడి ముక్కలే, అక్షరం పక్కన, కాస్త కిందికి దిగేలా పోసి ఉంటాయి. పాత పుస్తకాల్లో ఒత్తు అక్షరం కింద కాకుండా పక్కకి జరిగి కనిపించడానికి కారణం ఇదే. మొత్తం మీద వందల ఖానాలు. ఎక్కువగా వాడేవి పెద్ద ఖానాల్లో, చేతికి దగ్గరగా ఉంటాయి. బాబాయి గారు కేసు వైపు చూడరు. చెయ్యి దానంతట అది వెళ్లి వస్తుంది.

మా అట్ట మీద ఊళ్ల పేర్లు వరసగా వేస్తాం. పత్రిక వెళ్లే ఊళ్లన్నమాట. 'బరంపురం' కూర్చాలంటే ర రెండు కావాలి, సున్నలు రెండు కావాలి. సున్నలు ఎప్పుడూ చాలవు. తెలుగులో అవి అంతగా వస్తాయి. 'పర్లాకిమిడి' దగ్గర పెద్ద చర్చ జరిగింది. మా కేసులో వలపలగిలక (ర పొల్లుకి బదులు తర్వాతి అక్షరం పక్కన పెట్టే ౯ గుర్తు) ముక్కలు బోలెడున్నాయి, ల ఒత్తు మాత్రం తక్కువగా ఉంది. పాత పద్ధతిలో 'పలా౯కిమిడి' అని కూరిస్తే సరిపోతుంది. బాబాయి గారు అలాగే వేద్దామన్నారు. నేను వద్దన్నాను. ఇప్పుడిప్పుడే చదవడం నేర్చుకుంటున్న పిల్లకి గిలక పెడితే ఆ పిల్ల దాన్ని తొమ్మిది అంకె అనుకుంటుంది. ల ఒత్తు ఉన్న ముక్కల్లో బాగున్నది ఏరి, పక్క ఊరి పేరుని తర్వాతి సంచికకి వాయిదా వేశాం.

ఇలాంటి చర్చలు కంప్యూటర్ ముందు జరగవు. అక్కడ ఒత్తుకి కొరత లేదు, అందుకే దాని గురించి ఎవరూ ఆలోచించరు. కేసు ముందు నిలబడితే ఏ ఒత్తు ఎక్కడ వస్తుందో, ఏ అక్షరం లేకుండా మన ఊరి పేరు రాయలేమో పదహారేళ్ల కుర్రాడికి కూడా తెలుస్తుంది.

మా దగ్గరికి వచ్చే కుర్రాళ్లు, అమ్మాయిలు ఎక్కువమంది ఒడియా బడుల్లో చదివినవాళ్లు. ఇది మనకి పెద్ద అనుకూలం, దీన్ని ఎవరూ గుర్తించరు. ఒడియా చదివేవాళ్లకి వర్ణమాల కొత్త కాదు. క ఖ గ ఘ వరస అదే. గుణింతం తెలుసు. ఒక హల్లు కింద ఇంకో హల్లు చేరుతుందని తెలుసు. ఒడియా అక్షరాలూ గుండ్రంగానే ఉంటాయి. వాళ్లకి తెలియనివి తెలుగు ఆకారాలే. అంటే నేర్చుకోవాల్సింది సగమే మిగిలింది. ఆకారాలు ఒంటబట్టాలంటే అక్షరాన్ని చేత్తో తిప్పి చూడటాన్ని మించిన పని నాకు కనబడలేదు.

ప, వ తేడా తీసుకోండి. ప మీద తలకట్టు ఒంటికి తగలకుండా విడిగా ఉంటుంది, వ మీద కలిసి ఉంటుంది. అచ్చు కాగితం మీద ఇది చిన్న సందు. కొత్తగా చదివేవాళ్ల కంటికి ఆనదు. 36 పాయింటు ముక్క చేతిలో పట్టుకుంటే ఆ సందు కనిపిస్తుంది, గోరుకి తగులుతుంది. ద, ధ, థ అంతే. కింద గీత ఉంటే ధ, గీతతో పాటు లోపల చుక్క కూడా ఉంటే థ. వీటిని తలకిందులుగా, అద్దంలో తిరిగినట్టు చూసి గుర్తుపట్టగలిగితే మామూలుగా చూసినప్పుడు తడబడరు. "అత్తా, ఇది మ యా, య యా? ఇలా తిప్పితే రెండూ ఒకలాగే ఉన్నాయేటి?" అని ఒక అమ్మాయి అడిగిన రోజు నాకు చాలా సంతోషమేసింది. ఆ అమ్మాయి తెలుగు అక్షరాన్ని అంత దగ్గరగా చూడటం అదే మొదటిసారి.

అయితే కూర్చడం కన్నా ఎక్కువ నేర్పేది ఇంకొకటి ఉంది. దాన్ని డిస్ట్రిబ్యూషన్ అంటారు. అచ్చు అయ్యాక టైపుని కిరసనాయిలుతో తుడిచి, ఒక్కో ముక్కా మళ్లీ దాని ఖానాలో వేయాలి. కూర్చేటప్పుడు ఎదురుగా రాసిన కాగితం ఉంటుంది, ఆకారం పోల్చుకుని పని నడిపించొచ్చు. అక్షరం పేరు తెలియకపోయినా కుదురుతుంది. సర్దేటప్పుడు కాగితం ఉండదు. చేతిలో ఉన్నది ఏమిటో చెప్పగలిగితేనే ఎక్కడ వేయాలో తెలుస్తుంది. తప్పు ఖానాలో వేస్తే తర్వాతి సంచిక కూర్చేవాళ్లకి 'పలాస' బదులు 'వలాస' వస్తుంది, అప్పుడు అందరికీ తెలుస్తుంది. పాత ప్రెస్సుల్లో ఈ పనిని కొత్తగా చేరిన కుర్రాళ్లకి అప్పగించేవారని బాబాయి గారు చెప్పారు. విసుగు పని అని అందరూ అనుకుంటారు. నేను మాత్రం మా దగ్గరికి కొత్తగా వచ్చినవాళ్లని ముందు దీని ముందే కూర్చోబెడతాను.

సీసం గురించి ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే ఇది చదివి ఎవరైనా చిన్నపిల్లల్ని కేసు ముందు కూర్చోబెడితే తప్పు నాదవుతుంది. టైపు ముట్టుకున్నంత మాత్రాన సీసం చర్మంలోంచి పెద్దగా పోదు. నోట్లోకి పోతే ప్రమాదం. తడిసిన పాత టైపు మీద తెల్లటి పొడి పడుతుంది, అది మరీ చెడ్డది. అలాంటి ముక్కల్ని మేం పక్కన పడేశాం. కేసుల్లోని దుమ్ముని నోటితో ఊదకూడదు, చీపురుతో ఊడ్చకూడదు, తడిగుడ్డతో తుడవాలి. ఆ గదిలో టీ, తిండి ఏవీ ఉండవు. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. కాలేజీ వయసుకి రాని పిల్లలకి టైపు ఇవ్వం. వాళ్లు చెక్కలో కోసిన పెద్ద అక్షరాలతో ఆడతారు, లేదంటే స్క్రీను పక్కన అట్టలు అందుకుంటారు. టైపు అచ్చు తీసే ట్రెడిల్ మెషిన్ దగ్గరికి మాత్రం బాబాయి గారు, ఇంకొకరు తప్ప ఎవరూ వెళ్లరు. ఆ మెషిన్ నోట్లో వేళ్లు పోగొట్టుకున్నవాళ్లు ఆ రోజుల్లో ప్రతి ఊళ్లోనూ ఉండేవారు.

నిజానికి పాత తెలుగు పత్రికల అట్టల మీద పేర్లు చాలావరకూ టైపులో ఉండేవి కావు. చిత్రకారులు గీసిన అక్షరాలని జింకు రేకు మీదికి ఫోటో తీసి, యాసిడ్‌తో కొరికించి బ్లాకులు చేసేవారు. రంగు బొమ్మలకి ఒక్కో రంగుకి ఒక్కో బ్లాకు. ఆ బ్లాకులు చేసేవాళ్లు పెద్ద ఊళ్లలోనే ఉండేవారు. మాలాంటి చోట ఆ పని ఇప్పుడు చేయించలేం. ఆ బ్లాకు చేసే పనిని మాకు స్క్రీన్ ప్రింటింగ్ చేసి పెడుతోంది. అదీ మన ఊళ్లలో బతికే ఉంది. పెళ్లిపత్రికలు, చేతిసంచులు, స్కూలు బ్యాడ్జీలు ఇంకా దాంతోనే వేస్తున్నారు.

బరంపురం పట్టుకి పేరు. పట్టు అంచు మీద గుడి గోపురాల్లా పైకి లేచే మొనల వరస ఉంటుంది, దాన్ని ఫొడా అంటారు. మా అట్టకి మొదట వేసిన బొమ్మ ఆ అంచే. దాన్ని గీసి పెట్టింది పట్టు నేసే కుటుంబంలో పుట్టిన ఒక పెద్దాయన. స్క్రీను గుడ్డ కట్టింది కూడా ఆయనే. చెక్క ఫ్రేముకి గుడ్డని నాలుగు వైపులా సమానంగా లాగి కట్టడం అందరూ చేయలేరు. ఒక మూల వదులైతే అచ్చు తీసేటప్పుడు గుడ్డ జరుగుతుంది, రెండో రంగు మొదటి రంగు మీద కూర్చోదు. ఆయన గుడ్డ మీద వేలితో కొట్టి ఆ చప్పుడు విని ఎక్కడ వదులుందో చెప్పేస్తారు. ఒకప్పుడు ఈ గుడ్డ పట్టుతోనే ఉండేది. ఇప్పుడు పాలియెస్టర్. దారాల లెక్క చూసి కొంటాం. రంగు మందంగా పడాల్సిన చోటికి సెంటీమీటరుకు 77 దారాలున్నది, సన్నగీతలకి 120 దారాలున్నది. దారాలు ఎక్కువైతే సందులు చిన్నవి, సిరా తక్కువ దిగుతుంది, గీత తేటగా వస్తుంది.

గుడ్డ మీద ఎమల్షన్ పూసి చీకటి గదిలో ఆరబెట్టాలి. పాజిటివ్‌ని, అంటే ట్రేసింగ్ కాగితం మీద నల్లగా గీసిన బొమ్మని, దానికి ఆనించి వెలుగు చూపించాలి. వెలుగు తగిలిన చోట ఎమల్షన్ గట్టిపడుతుంది. నలుపు అడ్డున్న చోట మెత్తగా ఉండిపోయి నీళ్లతో కడిగితే పోతుంది. ఆ తెరుచుకున్న సందుల్లోంచే సిరా దిగుతుంది. మా వైపు సముద్రం గాలికి ఎమల్షన్ ఆరడమే పెద్ద టెన్షన్. వానాకాలంలో ఫ్యాను పెట్టినా రాత్రంతా పడుతుంది. పూర్తిగా ఆరకముందు వెలుగు చూపిస్తే కడిగేటప్పుడు బొమ్మంతా ఊడొచ్చేస్తుంది. చాలా షాపుల్లో ఇప్పటికీ ఎమల్షన్‌లో వెలుగుకి గట్టిపడటానికి బైక్రోమేట్ కలుపుతారు. చవక, త్వరగా పనవుతుంది. కానీ అది క్యాన్సర్ తెచ్చే రసాయనం, కడిగిన నీళ్లు కాలవలోకి పోతాయి. మేం దాని బదులు డయాజో అనే రసాయనం వాడతాం. ఖరీదెక్కువ, వెలుగూ ఎక్కువసేపు చూపించాలి. పిల్లలు తిరిగే చోట ఈ విషయంలో బేరం లేదు.

తర్వాత పని చూడ్డానికి సులువు. స్క్రీనుకీ కాగితానికీ మధ్య 2, 3 మిల్లీమీటర్ల ఖాళీ ఉంచి, సిరా పోసి, స్క్వీజీని (రబ్బరు అంచు ఉన్న పట్టీని) కాస్త వంచి ఒకే ఒత్తిడితో లాగాలి. స్క్వీజీ దాటిపోగానే గుడ్డ దానంతట అది కాగితం నుంచి పైకి లేవాలి. అంటుకుపోతే అంచులు మసకబారతాయి. కాగితం పెట్టడానికి బల్ల మీద మూడు చోట్ల ఆపులు అంటిస్తాం, పొడుగు వైపు రెండు, పొట్టి వైపు ఒకటి. ప్రతి రంగుకీ కాగితం అవే ఆపులకి తగలాలి. ట్రెడిల్ మీదికి వెళ్లినప్పుడు కూడా అదే మూల, అవే వైపులు. ఇది ఒక్కటి పాటిస్తే స్క్రీను రంగు, సీసం అక్షరం ఒకదానికొకటి సరిగ్గా కూర్చుంటాయి. ముందు స్క్రీను రంగులు వేసి ఒక రాత్రి ఆరనిస్తాం. అక్షరాలు పడే చోట బొమ్మలో కిటికీలా ఖాళీ వదులుతాం, టైపు సిరా నేరుగా కాగితం మీదే పడాలి కాబట్టి.

డిజిటల్ మెషిన్ చేయలేనివి కూడా ఇందులో ఉన్నాయి, అవి చెప్పకపోతే అన్యాయం. ముదురు రంగు కాగితం మీద తెల్ల సిరా, పసుపు సిరా వేయగలం. స్క్రీను సిరా కింద కాగితం రంగుని కప్పేస్తుంది. మామూలు డిజిటల్ ప్రింటర్‌లో తెలుపు ఉండదు, ముదురు కాగితం మీద దాని రంగులన్నీ మాసిపోతాయి. రెండోది, మందపాటి అట్టని మడత పెట్టినప్పుడు డిజిటల్ టోనరు ఆ మడత వెంట పగిలి తెల్లగా తేలుతుంది. స్క్రీను సిరా సాగుతుంది, పగలదు. ముదురు మెరూన్ కాగితం మీద పసుపు ఫొడా అంచు వేసిన మా అట్టని ఏ షాపూ మాకు వేసి ఇవ్వలేకపోయింది.

అందరి అభ్యంతరాల్లోకీ నేను గౌరవించేది ఒకటుంది. తెలుగు మాస్టారుగా పనిచేసి రిటైరైన ఒకాయన అన్నారు: "అట్టకి పెట్టే ఈ సమయాన్ని ఆదివారం తెలుగు బడికి పెడితే ఎంతమందికి చదవడం వస్తుందో ఆలోచించారా?" ఆలోచించాను. చిన్నపిల్లల విషయంలో ఆయన మాటే సరైనది. బడిలో రాయడం కూడా వస్తుంది, టైపు దగ్గర రాయడం రాదు. కానీ పదహారు, పద్దెనిమిదేళ్ల వాళ్లు అ ఆ నేర్చుకోవడానికి బడికి రారు. తమ్ముడి పక్కన కూర్చుని పలక పట్టుకోవాలంటే సిగ్గు. వాళ్ల ఇంట్లో అమ్మానాన్నలు కూడా ఈ వయసులో ఎందుకులే అంటారు. అదే కుర్రాడు స్క్రీన్ ప్రింటింగ్ నేర్పుతామంటే వస్తాడు, ఎందుకంటే అది చేతికి పని. టీషర్టు మీద బొమ్మ వేయడం వస్తుందని వస్తాడు. వచ్చాక, అట్ట ఆదివారానికి పూర్తవ్వాలి కాబట్టి, కేసు ముందు కూర్చుంటాడు. ఈ ముక్క ఏమిటని అడగడానికి అక్కడ సిగ్గు అక్కర్లేదు. బాబాయి గారికే అరిగిన ముక్కల దగ్గర అనుమానం వస్తుంటుంది, ఆయనా పక్కవాళ్లని అడుగుతారు. చదవడం రాకపోవడం అక్కడ లోపంగా కనపడదు, పనిలో భాగమైపోతుంది.

అందుకే బడి, అట్ట రెండూ ఉండాలంటాను. ఒకదాని డబ్బు ఇంకొకదానికి మళ్లించమంటే ఒప్పుకోను. ఇంకో విషయం, చేత్తో వేశాం కదా అని అట్టకి ఎక్కువ ధర పెట్టి, సంఖ్య వేసి, దాచుకునే వస్తువుగా అమ్మమని సలహా ఇచ్చినవాళ్లున్నారు. అది నాకు అస్సలు ఇష్టం లేదు. పత్రిక బస్సులో మడిచి చదవాలి, కొట్లో గల్లాపెట్టె పక్కన పడి ఉండాలి, కొట్టుకి వచ్చినవాళ్లు తిప్పి చూడాలి. నలగకుండా ఉండే అట్ట మా పిల్లలు వేయాలని నేను కోరుకోవడం లేదు.

ఇది మా ఒక్క ఊరికే పనికొచ్చే మాట అనుకోను. రాయగడలో, జయపురంలో, అటు మహారాష్ట్రలో షోలాపూర్‌లో, సిరొంచలో మనవాళ్లు చిన్న చిన్న సంచికలు తెస్తుంటారు. అందరికీ సీసం టైపు దొరకదు, దొరకాలని కూడా లేదు. స్క్రీను ప్రతి ఊళ్లోనూ దొరుకుతుంది. అక్షరాలని పెద్దగా గీసి, స్క్రీను మీదికి ఎక్కించి, గీసిన పిల్లల చేతే అచ్చు తీయించండి. అక్షరం గీయాలంటే ప తలకట్టు ఎక్కడ విడిపోతుందో చూడక తప్పదు. టైపు చేసే పనిలో చాలా భాగం దీనితోనే జరుగుతుంది. మీ దగ్గర ఎలాగూ స్థానికంగా ఒక చేతి పని ఉంటుంది. షోలాపూర్‌లో చాదర్లు నేసేవాళ్లున్నారు, గుడ్డ బిగించడం వాళ్లకి నేర్పక్కర్లేదు.

చివరగా ఒక విన్నపం. సరిహద్దుకి రెండు వైపులా మూతపడ్డ అచ్చుకూటాలు ఇంకా ఉన్నాయి. ఇచ్ఛాపురం, సోంపేట, పలాస, టెక్కలి వైపు మీ ఇంట్లోనో, తెలిసినవాళ్ల షెడ్డులోనో టైపు కేసులు ఉంటే, తూకానికి ఇచ్చేముందు ఒకసారి మాకు కబురు పెట్టండి. కేసుతో సహా ఉంటే మంచిది, గుట్టగా పోసేసినా ఫర్వాలేదు, ఏరుకుంటాం. తెల్లటి పొడి పట్టినవి వద్దు, వాటిని మీరు కూడా చేత్తో ముట్టుకోకండి. మాకు ముఖ్యంగా కావాల్సినవి 24 పాయింటు సున్నలు, ల ఒత్తులు, య ఒత్తులు, ర ఒత్తులు. వలపలగిలకలు మా దగ్గర చాలా ఉన్నాయి. పాత పద్ధతిలో అచ్చు వేసేవాళ్లు ఎవరైనా ఉంటే వాటికి బదులు ఇచ్చేస్తాం.